గులాబీ పురుగు వేషం

గులాబీ రంగు పురుగు వేషం వేసేవాడికి పొట్ట ఉండాలని మా ఓనరు పట్టుదల. చేలకు చేలు తిన్న పురుగు బక్కగా ఉంటే రైతు నమ్మడట. అందుకని వేషగాడి బనీను లోపల దూది కుక్కించేవాడు. దాని మీద మెడ నుంచి మోకాళ్ళ దాకా గులాబీ రంగు తొడుగు, మొహానికి అదే గుడ్డతో ముసుగు, కళ్ళకూ నోటికీ చిల్లులు. ఆ తొడుగును ఉతకనిచ్చేవాడు కాదు, రంగు దిగిపోతుందని. సీజనంతా ఒకే తొడుగు, ఒకే చెమట. దాన్ని ఆటోలో వెనక సీటు కింద పెడితే ముందు సీట్లో నేను ముక్కు మూసుకుని కూర్చునేవాణ్ణి.

మాది కుస్తీ కంపెనీ. టీవీలో కండలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేస్తుంటారే, ఆ రకం. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట. ఓనరుకు పురుగుమందుల కొట్టుంది. మందు అమ్ముకోవడానికి ఊరూరా రైతుల మీటింగులు పెట్టి, భోజనాలు పెట్టి, టోపీలు పంచి, ఇక జనం రావడం మానేశాక ఈ కుస్తీ మొదలుపెట్టాడు. ఛాతీ మీద మందు పేరు రాసుకున్న హీరో ఒకడు, వాడి చేతిలో చచ్చే పురుగు ఒకడు. మిరప ఊళ్ళలో తామర పురుగు, పత్తి ఊళ్ళలో గులాబీ పురుగు. మనిషి ఒకడే, తొడుగు మారేది. నేను రిఫరీని. ప్రైవేటు స్కూల్లో ఆటల మేష్టారిగా చేసి మానేశాక ఇంట్లో తోచక చేరాను.

ఈ మధ్య ఒకాయన ఫోనుకు మైకు తగిలించుకుని ఇంటికొచ్చి, ఇలాంటి చిన్న కంపెనీలకు ఉండే బలాలేమిటి, బలహీనతలేమిటి చెప్పమన్నాడు. బలహీనతల దగ్గరే నాకు నోటికి అడ్డు లేకుండా పోయింది. ఆయన ఫోను కట్టేసి వెళ్ళిపోయాడు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మా రింగు చూస్తేనే రోత పుట్టేది. ఇనప గొట్టాలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద పరుపులు. ఆ పరుపులు మిరపకాయలు నింపి ఖాళీ చేసిన గోతాల్లో చెత్త దూది కూరి కుట్టినవి. మనిషి పడ్డప్పుడల్లా కారం దుమ్ము లేచేది. పడ్డవాడు, పడేసినవాడు, లెక్కపెట్టే నేను, ముగ్గురం కలిసి తుమ్మేవాళ్ళం. పరుపులు మార్చమంటే ఓనరు, "మన గుంటూరోళ్ళకి కారమేంటి మాస్టారు, అలవాటేగా" అని కిళ్ళీ ఉమ్మేవాడు. తాళ్ళకు చుట్టిన సైకిలు ట్యూబులు ఎండకు కాగి వీపుల మీద నల్లటి చారలు పడేవి. బట్టలు మార్చుకునేది ఎరువుల గోదాములో. డాక్టరు లేడు, నొప్పుల బామ్ డబ్బా ఒకటుండేది, అదీ అడుగంటింది. బయట మాత్రం రంగు లైట్లు, పెద్ద ఫ్లెక్సీ, అందులో నవ్వుతూ ఓనరు. పైన పటారం, లోన లొటారం.

మరి ఎందుకున్నావంటే, ఇద్దరు మనుషుల కోసం. హీరో పెదకాకాని వైపు ఆటో నడుపుకునే కుర్రాడు. పురుగు వేషం వేసేవాడు పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు, నలభై దగ్గర పడుతున్న మనిషి, ఇద్దరు కూతుళ్ళు. వాళ్ళిద్దరూ ఆడుతుంటే నాకు ఆ కంపు, ఆ దుమ్ము అన్నీ మర్చిపోబుద్ధయ్యేది. ఈ ఆటలో దెబ్బ తినేవాడి కంటే కొట్టేవాడికే బాధ్యత ఎక్కువ. ఎత్తి పడేసేటప్పుడు ఎదుటివాడి మెడ వీడి చేతిలో ఉంటుంది. పడ్డాక రిఫరీ వంగి, లెక్కపెడుతున్నట్టు నటిస్తూ, వాడి చెయ్యి పట్టుకుని నొక్కుతాడు. వాడు తిరిగి నొక్కితే బాగున్నట్టు. నొక్కకపోతే ఆట ఆపాలి. టీవీలో వాళ్ళకు ఆస్పత్రులున్నాయి. మాకున్నది ఆ చెయ్యి నొక్కడం ఒక్కటే.

ఇంకో బలం కూడా ఉంది, ఒప్పుకోవాలి. మా విలన్ని జనం ద్వేషించినట్టు ఏ టీవీ విలన్నీ ద్వేషించరు. పుచ్చిన పత్తికాయలు ఒళ్ళో పోసుకుని వచ్చి విసిరేవాళ్ళు. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ రింగు అంచు దాకా వచ్చి, తాడు పట్టుకుని, "నా రెండెకరాలు తిన్నావు గదరా, నీ కడుపు కాలిపోనూ" అని ఏడ్చింది. మేం నవ్వబోయాం. పురుగు మాత్రం ఆమె ముందు తల వంచుకుని నిలబడి తిట్లన్నీ తిన్నాడు.

తర్వాత గోదాములో అడిగాను, "ఏరా, అట్లా నిలబడిపోయావేం?"

"ఆమెకి తిట్టడానికి ఒక మొహం దొరికింది గదా మేష్టారూ. తిట్టనియ్యండి. కొంచెం తగ్గుద్ది" అన్నాడు.

ఆట చివర్లో హీరో వీపుకు స్ప్రేయరు తగిలించుకుని పురుగు మీద మందు కొట్టేవాడు. మందంటే నీళ్ళే, తెల్లగా కనపడాలని కాస్త మజ్జిగ కలిపేవాళ్ళం. పురుగు గిలగిలా కొట్టుకుని చచ్చేవాడు. ఒక ఊళ్ళో ఒక రైతు ఓనరు మొహం మీదే అన్నాడు, "వాసనేదయ్యా? నీళ్ళు కొడితే చచ్చిందా నీ పురుగు?" మా వైపు మందు సంగతి తేల్చేది ముక్కే. మూత తీసి వాసన చూసి, కళ్ళెమ్మట నీళ్ళొస్తేనే అది మందు. ఆ మాట ఓనరు మనసులో నాటుకుంది. తర్వాతి ఆటకు ముందు, ఎవరికీ చెప్పకుండా, అసలు మందు సీసా తీసి చేతికొచ్చినంత స్ప్రేయరు ట్యాంకులో వంచాడు.

ఇది మధ్యాహ్నం ఆట. ఎండ మండిపోతోంది. రింగు పక్కనే బల్ల మీద అమ్మకానికి పెట్టిన సీసాలు, రైతులు మూతలు తీసి వాసన చూస్తున్నారు. ఘాటు వాసన వచ్చినా అది బల్ల మీదిదే అనుకున్నాం హీరో, నేను. హీరో కొట్టాడు. ముసుగు తడిసి మొహానికి అతుక్కుపోయింది. పురుగు గిలగిలా కొట్టుకున్నాడు. జనం లేచి నిలబడి ఈలలు. ఇవాళ బాగా చేస్తున్నాడే అనుకుంటూ వంగి చెయ్యి నొక్కాను.

తిరిగి నొక్కలేదు.

మళ్ళీ నొక్కాను. వేళ్ళు వాటంతట అవే వణుకుతున్నాయి. ముసుగు నోటి చిల్లులోంచి నురగ వస్తోంది. రెండు చేతులూ అడ్డంగా పైకెత్తి ఆట ఆపమన్నాను. ఓనరుకు ఆ గుర్తు తెలుసు. తెలిసీ మైకులో, "చచ్చింది, పురుగు చచ్చింది, చూశారా మన మందు పవరు" అన్నాడు. ముసుగు చింపి లాగేశాను. మధ్యలో ముసుగు తీశానని జనానికి నా మీద కోపం వచ్చింది. "ఏందయ్యా, ఆట చెడగొట్టావు" అని నీళ్ళ ప్యాకెట్లు విసిరారు. హీరో స్ప్రేయరు విసిరేసి వాణ్ణి భుజాన వేసుకుని ఏడుస్తూ ఆటో దగ్గరికి పరిగెత్తాడు. చచ్చిన పురుగును ఊరేగిస్తున్నాడనుకుని దారి పొడుగునా తువ్వాళ్ళు ఎగరేశారు.

ఆస్పత్రిలో నర్సమ్మ వాసన చూడగానే, "ఎంత తాగాడు?" అని అడిగింది. మా ప్రాంతంలో మందు వాసన వేస్తూ మనిషి వస్తే అడిగే ప్రశ్న అదొక్కటే. "తాగలేదమ్మా, మీద కొట్టారు" అన్నాను. ఆమె ఆ గులాబీ తొడుగునూ, బయటికొచ్చిన దూదినీ, నా రిఫరీ చారల చొక్కానూ చూసింది. ఇంతలో వెనకే ఓనరు వచ్చి, "తాగాడమ్మా, ఇంట్లో ఏవో గొడవలు" అన్నాడు. నన్ను పక్కకు లాగి, "మాస్టారు, మన మందు పడి మనిషి పడిపోయాడంటే రేపు షాపు ముయ్యాలి. తాగాడంటే ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు. అలాంటి మాట అంటూ కూడా వాడి నోట్లో కిళ్ళీ నలుగుతూనే ఉంది. వాడి చొక్కా పట్టుకున్నాను. హీరో వచ్చి విడిపించాడు.

వేషగాడి భార్య కూతుళ్ళను తీసుకుని వచ్చింది. "మేమేం పాపం చేశామని తాగావయ్యా" అని మంచం పట్టీకి తల కొట్టుకుంది. వాడి గొంతులో గొట్టం ఉంది. కాదు కాదని తల ఊపుతున్నాడు. తల ఊపితే గొట్టం జారుతుందని ఇద్దరు మనుషులు గట్టిగా పట్టుకున్నారు.

బతికాడు. కళ్ళు మసక, చేతులు వణుకు, ఇక బేలు ఎత్తలేడు. నేను, హీరో చెప్పాక భార్య నమ్మింది. ఊరు నమ్మలేదు. కుస్తీలో నీళ్ళు కొడతారు గానీ మందు కొడతారా అన్నారు. వాసన లేదని వెక్కిరించిందీ ఇలాంటి జనమే. నేను కంపెనీ మానేశాను. ఓనరు ఇంకో మనిషిని చూసుకున్నాడు. నోరు మూసుకుని ఉంటే గోదాము గేటు దగ్గర పని ఇస్తానని వీడికి కబురు పెట్టాడు. వీడు వెళ్ళలేదు.

"కళ్ళు పోతే పోయినయ్ మేష్టారూ" అన్నాడు నాతో ఒకసారి. "నా పిల్లల్ని వదిలేసి పోదామని తాగానంటున్నారు. బళ్ళో పెద్దదాన్ని అడుగుతున్నారంట, మీ నాన్న ఎందుకు తాగాడని. అది నా దగ్గరకొచ్చి పడుకోవడం మానేసింది."

మరుసటేడు పక్క ఊళ్ళో ఆట పెడితే తీసుకెళ్ళమన్నాడు. నాకు ఆ రంగు చూడాలనే లేదు. అయినా వెళ్ళాం, జనం మధ్య కూర్చున్నాం. అదే తొడుగు, ఉతకనిదే. లోపల కొత్త మనిషి. నీళ్ళు కొట్టగానే రెండు దొర్లు దొర్లి పడుకున్నాడు.

మా ముందు కూర్చున్న రైతు పెదవి విరిచాడు. "వీడికి చావడం చేతకాదు. నిరుడు ఒకడు చచ్చాడు చూడూ, ఆహా, నిజంగా పోయాడేమో అనిపించింది."

నా పక్కన వీడి మొహం వెలిగిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా నవ్వగా నేను చూడలేదు. ముందుకు వంగి ఆ రైతు భుజం తట్టాడు. "అది నేనేనండీ" అన్నాడు.

రైతు వెనక్కి తిరిగి ఎగాదిగా చూశాడు. "నువ్వా? నువ్వు మందు తాగినోడివి గదా" అన్నాడు. మళ్ళీ ఆట వైపు తిరిగిపోయాడు.

నేను వీడి చెయ్యి పట్టుకుని నొక్కాను. చాలాసేపు పట్టుకునే ఉన్నాను. తిరిగి నొక్కలేదు.