కుప్పలో పండుకున్న ఎండ

తాండూరు నుంచి కరణ్‌కోట పోయే రోడ్డు పక్కన ఒక బొగ్గు డిపో ఉంది. అక్కడ అజమత్ చేసే పని వినడానికి నవ్వులాటగా ఉంటుంది: బొగ్గుకు జ్వరం చూడటం. ఎత్తుగా పోసిన బొగ్గుకు తడీ గాలీ తగిలితే ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే లోలోపల రాజుకుంటుంది. అందుకని అజమత్ పొద్దునే ప్రతి కుప్పలోనూ పొడుగాటి ఇనుప సలాక గుచ్చుతాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక దాన్ని పెరికి, మొన దగ్గర అరచేత్తో పట్టుకుంటాడు. పట్టుకోగలిగితే భయం లేదు. చెయ్యి చురుక్కుమంటే మున్షీని పిలవాలి, జేసీబీతో కుప్ప తవ్వించి చల్లార్చాలి.

థర్మామీటరు లేదా అని అడగకండి. యజమానికి అజమత్ అరచెయ్యి చవకగా దొరికింది.

ఆ చెయ్యి చచ్చిపోయిందని మాత్రం యజమానికి తెలియదు. అజమత్ వయసంతా నాపరాళ్లు కోసే మిషన్ మీద గడిచింది. ఆ అదురుకు వేళ్లు మొద్దుబారాయి, అరచెయ్యి చెప్పు అట్టలా గట్టిపడింది. ఈ ఏడు చలి మొదలైనప్పటి నుంచి దానికి వేడీ తెలియదు, చల్లనా తెలియదు. భార్య తహసీన్‌కు కూడా చెప్పలేదు. చెయ్యి పోయిందంటే పని పోతుంది, పని పోతే వికారాబాద్‌లో కూతురు ముబష్షిరా కాలేజీ చదువు ఆగుతుంది. ఆ భయంతోనే రోజూ సలాక పట్టుకుని "ఠీక్ ఉంది" అనేవాడు.

ఒక ఆదివారం ఇంటికొచ్చిన ముబష్షిరా రొట్టె తుంచుతూ అంది. "అబ్బాజాన్, గీ జొన్నరొట్టె ఎండనే, ఎర్కేనా? జొన్న ఎండ తాగి పెరుగుతది. బర్రె తినే చొప్ప గూడ గంతే."

"మరి నా బొగ్గు?"

"గది గూడ ఎండనే. ఎప్పటియో చెట్లు తాగిన ఎండ. మట్టి కింద పండుకున్నది. గాలి దొరికితే మల్ల లేస్తది."

అజమత్ నవ్వాడు. కానీ ఆ మాట అతన్ని వదల్లేదు.

ఆ వారమే అకాలంగా ముసురు పట్టింది. పొద్దున్నే ఒక కుప్ప మీంచి సన్నగా ఆవిరి లేచేది. డిపో కుక్క తన గోనెసంచి వదిలేసి ఆ కుప్ప అంచున పడుకోసాగింది. అజమత్ చూసీ చూడనట్టు పోయాడు. పెద్దేముల్ నుంచి ఆటోలో వచ్చే హమాలీ బీరయ్య మాత్రం సంబరపడ్డాడు. బువ్వ తిని అక్కడే నడుము వాల్చేవాడు.

"భాయ్, గీడ మస్తు వెచ్చగున్నది. ఏంది కథ?" అని అడిగాడు ఒక మధ్యాహ్నం.

అజమత్ సలాక పెరికి పట్టుకున్నాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు.

"ఏం లేదు తమ్మీ. ఎండకు కాగింది."

బీరయ్యకు ఆ మాట చాలు. జారిన టార్పాలిన్ సర్దడానికి కుప్ప ఎక్కాడు.

అజమత్ చేతులు కడుక్కోవడానికి నల్లా వైపు నడిచాడు. దండెం మీద తన చొక్కా ఇంకా తడిగానే వేలాడుతోంది. ఆరడానికి ఎండ ఏది? తలెత్తి చూశాడు. వారం రోజులుగా మబ్బు విడవలేదు. మరి కుప్పను కాచింది ఏ ఎండ? అప్పుడే మాడిన తోలు వాసన ముక్కుకు తగిలింది. చెయ్యి తెరిచి చూసుకున్నాడు. అరచేతి నడుమ చర్మం తెల్లగా ఉబ్బి లేచింది.

"బీరయ్యా! దిగురా! జల్ది దిగు!"

బీరయ్య ఏమిటన్నట్టు వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలోనే కాళ్ల కింద బొగ్గు కుంగింది. లోపల ఎప్పుడో కాలి బోలైపోయింది. ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. అతని అరుపు రోడ్డు దాకా వినిపించింది. అజమత్ పాకుతూ ఎక్కి, ఆ చచ్చిన చేతినే గుంతలో పెట్టి కాలు పట్టి లాగాడు. నొప్పి తెలియలేదు. తెలియనందుకే ఏడుపొచ్చింది.

కిందికి దించి కాలి మీద నీళ్లు పోస్తుంటే బీరయ్య పళ్లు బిగబట్టి అడిగాడు. "ఎండకు కాగిందంటివి గద భాయ్?"

"ఎండనే తమ్మీ." అజమత్ బొబ్బలెక్కిన చెయ్యి అందరి ముందూ తెరిచాడు. "నా చెయ్యే సచ్చి మస్తు దినాలైంది."

హమాలీలు ఆ చెయ్యి వంక చూశారు. తర్వాత పక్కనున్న మిగతా కుప్పల వంక చూసి, ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. వాటన్నిటికీ ఇన్నాళ్లూ ఠీక్ అని చెప్పింది ఆ చెయ్యే.