టైలరమ్మ ఎడమ చెయ్యి

టైలరమ్మకి అరచేతుల్లో చెమట పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు పరీక్ష రాస్తే కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయేవి. కుట్టుపనిలో దిగాక తెల్ల శాటిన్ ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండూ చాపి ఫ్యాను కింద కాసేపు నిలబడేది. కొత్తగా దుకాణానికి వచ్చినవాళ్ళు ఆవిడ తమని దీవిస్తోందనుకుని తల వంచిన సందర్భాలూ ఉన్నాయి. యాభై రెండేళ్ళు ఆ చేతులతోనే నెట్టుకొచ్చింది, ఏనాడూ వాటిని పల్లెత్తు మాట అనలేదు. పూల్ ఆట పిచ్చి పట్టాకే వాటి మీద కోపం మొదలైంది.

ఆ పిచ్చి ఎలా పట్టిందంటే, దుకాణం గోడకి అవతల ఒక పూల్ హాలుంది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన నాలుగు బల్లలు, గోడకి ఆనించిన కర్రలు, ఎప్పుడూ టకటకమనే బంతులు. హాలు యజమాని బట్టతల మనిషి, నిదానస్తుడు. బల్లల మీద కప్పడానికి ముసుగులు కుట్టాలని ఆయన పిలిస్తే టైలరమ్మ టేపు తీసుకుని వెళ్ళింది. నాలుగు బల్లలూ కొలిచింది, కాగితం మీద రాసుకుంది, వెళ్ళిపోబోతూ ఆగింది. ఎవరో కొట్టిన ఎర్ర బంతి అంచుకి తగిలి, మెల్లగా మలుపు తిరిగి, మూలనున్న పాకెట్లోకి జారింది. జాకెట్టు చంక దగ్గర కత్తిరింపు మొదటిసారే కుదిరినప్పుడు కలిగే సంతోషం ఆవిడకి కలిగింది. ఒక్కసారి కొట్టి చూస్తానంది. అది జరిగి రెండేళ్ళు.

చూపుకి ఆవిడకి లోటు లేదు. సూదిలో దారం ఎక్కించే కళ్ళు. చిక్కంతా ఎడమ చేత్తోనే. ఈ ఆటలో కుడిచేత్తో కర్ర వెనక భాగం పట్టుకుంటారు. ఎడమ చేతిని బల్ల మీద ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కర్రకి దారిస్తారు. దాన్నే బ్రిడ్జి అంటారు. ఆ దారిలో కర్ర నూనె రాసినట్టు ముందుకీ వెనక్కీ ఆడాలి. టైలరమ్మ చేతిలో అది రెండుసార్లు బుద్ధిగా ఆడి, మూడోసారి, సరిగ్గా బంతిని కొట్టే వేళకి, చర్మానికి అతుక్కుని మొరాయించేది. బంతి ఎటు పోవాలో అటు తప్ప అన్ని వైపులకీ పోయేది.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. తన స్టీరింగుకి తువ్వాలు చుట్టుకున్నట్టే కర్రకీ ఏదైనా చుట్టమన్నాడు. పట్టు దొరకాల్సింది స్టీరింగుకనీ, కర్రకి కావాల్సింది జారడమనీ ఆవిడ విడమరిచి చెబితే, అయితే తనకి తెలియదని ముసుగుతన్ని పడుకున్నాడు. పౌడరు ఆలోచన ఆవిడదే. ఒక ఆదివారం అరడబ్బా చేతికి పట్టించి ఆడింది. కర్ర జారింది, నిజమే. కానీ ఆట ముగిసేసరికి ఆకుపచ్చ గుడ్డ నిండా తెల్లటి అరచేతి ముద్రలు. యజమాని బ్రష్షు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. మర్నాటికి గోడ మీద కాగితం వెలిసింది: "పౌడరు ముఖానికి మాత్రమే."

మనిషి మంచివాడే. తప్పు సగం కర్రదేనని ఆయనే చూపించాడు. ఇందరి చేతుల మురికీ దాని మీద జిడ్డులా పేరుకుంటుందట. బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టి, మడిచిన కాగితంతో వేడెక్కేదాకా రుద్దమన్నాడు. రుద్దింది. కర్ర అద్దంలా అయింది. నాలుగు దెబ్బలు హాయిగా సాగి, ఐదోదానికి మళ్ళీ అతుక్కుంది.

"కర్ర బాగుపడిందమ్మా. మిగిలింది నీ చెయ్యే," అన్నాడాయన.

ఈ ఆటకనే కొట్లో అమ్మే గ్లౌజు కొనుక్కుంది. మగవాళ్ళ చేతికి చేసినది కాబోలు, వేళ్ళ దగ్గర ముడతలు పడింది. పైగా దాని కుట్టు సరిగ్గా కర్ర పోయే దారిలోకి వచ్చింది. ఇది కుట్టినవాడు జన్మలో కర్ర పట్టుకుని ఉండడని తిట్టుకుని సొరుగులో పడేసింది.

పుండు మీద కారం చల్లినట్టు ఈ గొడవలోకి వియ్యపురాలు వచ్చింది. టైలరమ్మ కూతురు ఆవిడ కోడలు. వియ్యపురాలు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. నోరు పెద్దగా తెరవమని పొద్దస్తమానం జనానికి చెప్పీ చెప్పీ మామూలు మాట కూడా అదే గొంతుతో అంటుంది. ఒకరోజు దుకాణంలో ఎవరూ కనబడక హాల్లోకి తొంగిచూసి, టైలరమ్మ చేతిలో కర్ర చూసి, తనూ ఒకటి అందుకుంది. మొదటిరోజే మూడు బంతులు పాకెట్లో వేసింది. అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, వదినగారూ అంటూ తయారు. టైలరమ్మ కూడా వదినగారూ అంటూ నవ్వేది, లోపల పళ్ళు నూరుకునేది.

ఆ వదినగారే తన కోటు తెచ్చింది. లోపలి లైనింగు చిరిగిపోయిందని, కొత్తది వేయమని, గుడ్డ కూడా తనే కొనుక్కొచ్చింది. ముదురెరుపు శాటిన్, దాని మీద నల్లటి సన్న చుక్కలు. ముక్కలు మిగిలితే ఇచ్చేయమని మరీ మరీ చెప్పి వెళ్ళింది. టైలరమ్మ ఆ గుడ్డని మిషను కింద పెట్టి తోస్తుంటే ఒక సంగతి గమనించింది. చెమట చెయ్యి కింద కూడా అది చేపపిల్లలా జారిపోతోంది. మిషను తొక్కడం ఆపేసి, పక్క హాల్లోంచి ఒక కర్ర తెచ్చి, గుడ్డ మీద ఆడించింది. మళ్ళీ ఆడించింది.

మిగిలిన చిన్నాచితకా ముక్కలన్నీ సంచిలో పెట్టి వదినగారికి ఒప్పజెప్పింది. జానెడు ముక్క ఒక్కటి మాత్రం ఆగిపోయింది. దానితో బొటనవేలికీ, చూపుడువేలికీ, మధ్యవేలికీ తొడుగు కుట్టింది. మిగతా రెండు వేళ్ళకి గాలి ఆడనిచ్చింది. కుట్లన్నీ చేతి వెనక్కి తిప్పింది, కర్ర దారిలో పోగు కూడా అడ్డం రాకుండా.

హాల్లో ఆదివారం మధ్యాహ్నం పోటీ పెట్టారు. చీటీలు తీస్తే టైలరమ్మకి ఎదురు పడింది వదినగారే. తొడుగున్న చేతిని చేతిరుమాలు కింద దాచుకుని తిరిగింది గానీ, బల్ల మీదికి వంగాక దాచేదెక్కడ? వదినగారు కళ్ళజోడు సవరించుకుంది.

"ఈ చుక్కలు ఎక్కడో చూశాను వదినగారూ."

"చుక్కల గుడ్డలకేం కొదవండీ, ఎక్కడపడితే అక్కడే ఉంటాయి."

వదినగారు కుర్చీ మీదున్న తన కోటు తీసి, లోపలి వైపు పైకి తిప్పి, అందరికీ కనబడేలా మళ్ళీ కుర్చీకి తగిలించింది. పక్క బల్లల వాళ్ళు ఆట ఆపేశారు. టైలరమ్మకి చెవులు కాలిపోయాయి. ముక్కలు మిగుల్చుకునే టైలర్ల మీద తను స్వయంగా వేసిన జోకులన్నీ గుర్తొచ్చాయి.

"జానెడు ముక్క," అంది చివరికి. "అడగాల్సింది. అడగలేదు. తప్పే."

"ముందు ఆట కానివ్వండి," అంది వదినగారు, ఇంజక్షను ఇచ్చేముందు అనే గొంతుతో.

సిగ్గుతో ఆ చేతికి ఎన్నడూ లేనంత చెమట పట్టింది. తొడుగు లోపల వేళ్ళు నానిపోయాయి. పైన కర్రకి మాత్రం ఆ సంగతేదీ తెలియలేదు. ముందుకీ వెనక్కీ అదే హాయిగా ఆడింది. ఒక బంతి పడింది, ఇంకొకటి పడింది. వదినగారు సులువైన దెబ్బలు రెండు పోగొట్టుకుంది. చివరికి ఆట గెలిపించే నల్ల బంతి మిగిలితే, టైలరమ్మ ఊపిరి బిగబట్టి దాన్ని పక్క పాకెట్లోకి తోసింది. హాలంతా చప్పట్లు కొట్టింది గానీ, ఆవిడ తల ఎత్తలేదు.

వదినగారు వచ్చి చెయ్యి చాచింది. తొడుగు తీసిస్తే వేసుకోబోయింది. బొటనవేలు దాటి ఎక్కలేదు. అప్పుడు టైలరమ్మ ఆ చేతిని దగ్గరనుంచి చూసింది. రోజుకి నలభైసార్లు కడిగే చెయ్యి, మందుల ఘాటుకి చర్మమంతా పగిలి గరుకుదేలి ఉంది. ఆ పగుళ్ళకి కర్ర పట్టేస్తుందని, ఇవాళ పోయిన రెండు దెబ్బలూ అలాగే పోయాయని, ఎవరితోనైనా చెప్పుకుంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నానని వదినగారు గొంతు తగ్గించి చెప్పింది. చెప్పి, కోటు లోపలి చుక్కల జేబు వేలితో చూపించింది.

"ఇది నేనెప్పుడూ వాడను. కోసేసి నాకూ ఒకటి కుట్టిపెట్టు వదినా."

'గారు' ఎటుపోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు. టైలరమ్మ మెడలోని టేపు తీసి అక్కడికక్కడే కొలతలు తీసుకుంది. మణికట్టు దగ్గర కొంచెం వదులు ఉంచమంది వదిన. వదులైతే ముడత పడుతుందని టైలరమ్మ వాదించింది. యజమాని వచ్చి, తరవాతి ఆటకి బల్ల ఖాళీ చేస్తే బాగుంటుందని రెండుసార్లు గుర్తుచేశాడు.

ఆ తరవాతి ఆటలో టైలరమ్మ చిత్తుగా ఓడింది. గెలిచినవాడు తాళాలు బాగుచేసే ఒకడు, ఒట్టి చేత్తోనే ఆడాడు. ఆవిడ వాడి చేతిని అసూయగా చూసింది, కాసేపే. వదిన అప్పటికే రెండు టీలు చెప్పి, పక్కన చోటు పట్టి ఉంచింది.