క్లచ్‌లో గాలి

2001 నుంచి నేనొక తప్పు మోస్తున్నాను. మోయడం అంటే బరువు తెలియాలి కదా. నాకు అది కూడా తెలియడం మానేసింది. తిమ్మిరెక్కిన కాలులా ఉంటుంది. ఉందని తెలుసు, నాదని అనిపించదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే మధ్యలోనే పోనీలెండి అంటారు. ఆ మాట నాకు వద్దు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. 2000 చివర్లో ఇద్దరం మా అబ్బాయి దగ్గరికి, వెల్లింగ్టన్‌లోని జాన్సన్‌విల్‌కి వచ్చేశాం. చివర్లో అంటే నవంబరు. తారీకులు సరిగ్గా లేకపోతే నాకు ఊరుకోబుద్ధి కాదు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవరాలు స్కూలుకి వెళ్ళిపోతే ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. నాకు అది చాలు. ఆయనకి చాల్లేదు. ఎదురింటి పీటర్ దగ్గర ఒక పాత బైకు కొన్నారు. శనివారం వస్తే పీటర్‌తో, అతని స్నేహితులతో కలిసి కొండదారి దాటి వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. వాకిట్లో నిలబడి వాళ్ళతో ఇంగ్లీషులో ఏదో చెప్పి నవ్వేవారు. నాకు ఇంగ్లీషు రాదు. నవ్వు మాత్రం వినిపించేది.

మే నెలలో ఆ బైకు క్లచ్ మెత్తబడింది. లివర్ నొక్కితే దూదిలా లోపలికి పోతుంది, గేరు పడదు. మన ఊళ్ళో బండ్లకు క్లచ్ తీగతో నడిచేది. దీనికి గొట్టంలో ఉండే నూనెతో నడుస్తుందట. ఆ నూనెలో గాలి చేరిందని, బయటికి తీసేయాలని ఆయన అన్నారు. బస్సు బ్రేకుల్లో గాలి తీయడం ఆయనకి ముప్పై ఏళ్ళ పని. ఇదీ అదే పని, కాకపోతే ఇద్దరు కావాలి.

నేను హ్యాండిల్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. హ్యాండిల్ మీద చిన్న డబ్బా, అందులో బ్రేక్ ఆయిల్. నేను లివర్ నొక్కి పట్టుకోవాలి. ఆయన కింద ఇంజను దగ్గర గొంతుక్కూర్చుని మర వదులు చేస్తారు. సన్నటి గొట్టంలోంచి నూనె, దానితో బుడగలు సీసాలోకి వస్తాయి. ఆయన మర బిగించాక నేను లివర్ వదలాలి. ప్రతిసారీ డబ్బాలో నూనె తగ్గుతుంది. అది అడుగంటకుండా పోస్తూ ఉండాలి. అడుగంటితే గొట్టంలోకి మళ్ళీ గాలే పోతుంది. అది ఆయనకి కింద నుంచి కనిపించదు. అందుకే ఆ కాపలా నాకు అప్పగించారు.

"పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు చూస్తావే, అలా చూడు."

"పాలు పైకొస్తాయి కాబట్టి కనిపిస్తాయి. ఇది కిందికి పోతుంటే ఏం చూడను?"

"అబ్బో, మేడమ్ గారికి లెక్చరు కూడా వచ్చే! సరే, నొక్కు. పట్టుకో. వదులు. ఆయిల్ ఉందా?"

"ఉంది."

లేదు. డబ్బా అడుగు కనిపిస్తోంది. ఆ మొదటిసారి నిజంగానే చూడకుండా అనేశాను, కిటికీ వైపు చూస్తున్నాను. తరవాత డబ్బా చూసి కంగారుపడి, ఆయనకి తెలియకుండా నింపేశాను. ఇంకా బుడగలొస్తున్నాయేమిటని ఆయన విసుక్కున్నారు. మోకాళ్ళు నొప్పెట్టి ఆపేశారు. ఆ శనివారం ఆయన బయటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం నాతో కూర్చుని టీ తాగారు.

మరుసటి శనివారం నాకు డబ్బా అడుగు బాగానే కనిపించింది. ఆయిల్ ఉందా అన్నారు. ఉందన్నాను, ఆయన లేచేలోపు నింపేశాను. ఆ పై శనివారం కూడా.

భయంతో చేశానా? వెల్లింగ్టన్ గాలికి మనుషులే తూలిపోతారు, అరవై దాటిన మనిషి బైకు మీద కొండెక్కితే ఏ భార్యకైనా భయమే. ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను. కాని భయపడేదాన్నయితే వద్దని నోటితో చెప్పేదాన్ని. దెబ్బలాడేదాన్ని. నేను దెబ్బలాడలేదు. ఆ నవ్వు నాకివ్వకుండా వాకిట్లో ఎవరికో ఇచ్చేస్తున్నారని నా కడుపు మండింది. అది భయం కాదు.

ఆయన ఎవరినీ అనుమానించలేదు. తన చేతులే పట్టు తప్పాయన్నారు. మర బిగించే వేళ పసిగట్టలేకపోతున్నాను, వయసైపోయింది అన్నారు. పీటర్ సాయం చేస్తానంటే సిగ్గుపడి వద్దన్నారు. చివరికి బైకు అతనికే తిరిగి ఇచ్చేశారు. పీటర్ మా వాకిట్లోనే తన భార్యను పిలిచి, ఆమె చేత లివర్ పట్టించి, గాలి తీసేశాడు. ఎంతోసేపు పట్టలేదు. స్టార్ట్ చేసి, గేరు వేసి, రోడ్డు దాటి వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. మేమిద్దరం వంటింటి కిటికీలోంచి చూశాం.

"చూశావుగా. బండికేం కాలేదు. అయిందల్లా నాకే," అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిస్తే సరిపోయేది. పెసరట్టు మాడుతోందని పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

ఆ తరవాత శనివారాలు ఆయన ఇంట్లోనే ఉన్నారు. నేను కోరుకున్నది అదే. కాని వచ్చి కూర్చున్న మనిషి వేరు. కుళాయి కారితే ప్లంబర్‌ని పిలవమనేవారు. బల్బు మార్చాలన్నా అబ్బాయి వచ్చేదాకా చీకట్లో కూర్చునేవారు. ఒకసారి మనవరాలు సైకిలు తోసుకొచ్చి, "తాతా, చైన్ ఊడిపోయింది, ప్లీజ్ ఫిక్స్ చెయ్యవా?" అంది.

"డాడీ వచ్చాక చేయించుకో అమ్మా. తాత చేతులు పనికిరావు."

ఆ పిల్ల తాత చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, ఎక్కడ దెబ్బ తగిలిందోనని. నేను అక్కడే బీరకాయ తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

ఆయన 2008 ఆగస్టులో పోయారు. ఆసుపత్రిలో చాలా సమయం దొరికింది. నేను చెప్పలేదు. చెబితే ఆయన ఏమనేవారు? కోప్పడేవారేమో. నవ్వేవారేమో. ఏదైనా ఆయనకి చెందాల్సినది. అది కూడా నేనే ఉంచేసుకున్నాను. ఇప్పుడు ఏడుద్దామన్నా రావడం లేదు.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేరు, మీరు ఆయన తరఫున ఇవ్వలేరు. ఒక్క మాట ఎవరికైనా తెలియాలి, అంతే. మా ఆయన మంచి మెకానిక్. ఆ మూడు శనివారాలూ ఆయన మర సరిగ్గానే విప్పారు, సరిగ్గానే బిగించారు. ఆయన చేతులకు ఏమీ కాలేదు.