ఇసుక దిబ్బకు నేను కట్టిన వయసు

మలికిపురం దాటాక సముద్రం వైపు ఒక రైతుగారి తోటలో గాలికి పోగైన ఇసుక దిబ్బ ఉండేది. అది ఎప్పటిదో తేల్చడమే నా పరిశోధన. పూడుకుపోయిన ఇసుక రేణువు చుట్టూ ఉన్న మట్టిలోని రేడియేషన్‌ను కొద్దికొద్దిగా దాచుకుంటుంది. ల్యాబ్‌లో దానిమీద కాంతి వేస్తే, దాచుకున్నది సన్నని వెలుగై బయటపడుతుంది. ఆ వెలుగును కొలిచి, రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో చెబుతాం. అందుకే ఇనప గొట్టం దిబ్బలోకి దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా రెండు కొసలూ మూసి తీసుకెళ్ళాను. గొట్టం సునాయాసంగా దిగింది. భలే చోటు ఎంచుకున్నానని మురిసిపోయాను.

అప్పట్లో చిటికెడు ఇసుకలోని రేణువులన్నిటినీ కలిపే కొలిచేవాళ్ళం. చక్కటి వయసు ఒకటి వచ్చింది. వ్యాసం రాశాను, మెప్పూ పొందాను.

తర్వాత కొన్నేళ్ళు తంటాలు పడి, ఒక్కో రేణువునూ విడిగా లేజర్‌తో కొలిచే పద్ధతిని మా ల్యాబ్‌లో కుదిర్చాను. గొప్పకు పోయి మొదట ఆ పాత ఇసుకే పెట్టాను. వచ్చిన అంకెలు నమ్మలేక మళ్ళీ కొలిచాను, మళ్ళీ అవే. సగం రేణువులు బాగా పాతవి, మిగతావి నిన్నమొన్నటివి. నేను రాసిన వయసున్న రేణువు ఒక్కటంటే ఒక్కటి లేదు. తాతలనూ పసిపిల్లలనూ కలిపి సగటు తీసి, లేని నడివయసు మనిషిని పుట్టించానన్నమాట.

ఎప్పుడో ఎవరో అక్కడ తవ్వి, ఎండ చూసిన ఇసుకను అడుగు ఇసుకతో కలిపేసి ఉండాలి. తప్పు దిద్దుకోవాలంటే అదే దిబ్బలో, ఎవరూ కదపని చోట మళ్ళీ గొట్టం దింపాలి. మర్నాడే బయల్దేరి వెళ్ళాను. రైతుగారు అరుగు మీదే ఉన్నారు.

"బాబాయిగారూ, నేను గొట్టం దింపిన చోట ఎప్పుడైనా తవ్వారా?"

"ఆయ్, తవ్వేమండి. అది మా నాన్నగారు కొబ్బరి మొక్క వేసిన గొయ్యండి. తుపానుకి చెట్టు పడిపోతే, మొద్దు పీకించి పూడ్చేసేమండి."

"మరి ఆ రోజు చెప్పలేదేమండీ?"

"చదువుకున్నవారు, కావాలనే అక్కడ దింపుతున్నారేమో, మధ్యలో మనమెందుకూ అనుకున్నానండి."

ఆ రోజంతా ఆయన నా పక్కనే నిలబడ్డారు. మంచినీళ్ళు అడిగాను, పార అడిగాను, నీడకు గొడుగు అడిగాను. ఈ ఒక్క మాట అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

పోనీ, అవతలి కొసన దింపుదామని ఆయనతో తోటలోకి నడిచాను. దిబ్బ లేదు. ఆ మేరంతా చదునై, రొయ్యల చెరువు నీళ్ళు మెరుస్తున్నాయి. గట్టు పక్కన గదంత ఇసుక ముక్క ఒక్కటి మిగిలింది, చుట్టూ కొబ్బరి మట్టల దడి.

"మీకు మళ్ళీ కావలిస్తుందేమోనని, మిగతాదంతా తోలించేసినా మీరు గొట్టం దింపిన ముక్క మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండి," అన్నారు.

సంతోషిస్తాననుకుని నా ముఖంలోకి చూశారు. చాలా మేలు చేశారండీ అన్నాను.