ఆముదం తలతో వేడినీళ్ల గుండానికి

పరిగి దగ్గర మాకు మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసేవాళ్లం. ఆకు కోసీ కోసీ నా మోకాళ్లు అరిగిపోయాయి. రెండువేల సంవత్సరం దాటాక, పట్టుశాఖ వాళ్లు పురుగులు మేపే రైతులను కొందరిని జపాన్ చూపించడానికి తీసుకుపోతూ నన్నూ, ధర్మవరం వైపు నుంచి ఇంకొకామెనూ కలిపారు.

చివర్లో కొండల మధ్య ఒక సత్రంలో దింపారు. భూమిలోంచి వేడినీళ్లు ఊరే చోటు అది. ఆ చలికి నా మోకాళ్లు కొయ్యబారాయి. లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఆ నీళ్లలో కూర్చుంటే నొప్పులు తగ్గుతాయని అక్కడి మాట మాకు తిప్పి చెప్పడానికి మా వెంట వచ్చిన బెంగళూరు అమ్మాయి కన్నడలో చెప్పింది. ఇంక నాకు వేరే ఏదీ చూడబుద్ధి కాలేదు.

ఆడవాళ్లకు వేరే గుండం. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదట. ధర్మవరం ఆమె చీరతోనే దిగుతానని మొండికేసింది.

"పుట్టినప్పుడు చీర కట్టుకోనే వచ్చినావా యేమి?" అన్నాను.

"నీకు సిగ్గు లేదక్కా. నాకుండాది," అని గదిలోనే ఉండిపోయింది.

వేడినీళ్ల స్నానమంటే మనకు నూనె లేకుండా జరుగుతుందా? తలకూ మోకాళ్లకూ ఆముదం దట్టంగా పట్టించుకుని పోయాను. బట్టలు విప్పి నీళ్ల వైపు నడుస్తుంటే, అక్కడ పనిచేసే ముసలామె అడ్డం వచ్చింది. నా తల వాసన చూసి కాదని చెయ్యి ఊపింది. నల్లగా ఉన్నానని రానివ్వడం లేదనుకున్నాను. ఒళ్లు మండింది. బెంగళూరు అమ్మాయిని పిలిచి అడిగించాను.

నూనె నీళ్ల మీద తేలుతుందట. అందరూ దిగే నీళ్లు కాబట్టి శుభ్రంగా కడుక్కున్నాకే దిగాలట. గోడ మీద రాసే ఉంచారట. నలభై దాటాక నేను కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు అవి కావు. ఇంక ఏం వాదించను? కాళ్లు కడుక్కోకుండా, అత్తరు వాసనతో వస్తే పురుగులకు పడదని సొంత మొగుడినైనా షెడ్డు గడప దగ్గరే నిలబెట్టినదాన్ని.

చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో రుద్దుకున్నాను. ఆముదం ఒక పట్టాన వదులుతుందా? నా అవస్థ చూడలేక ముసలామె చొక్కా చేతులు పైకి మడిచి, నా తల తానే రుద్దింది. ఏదో గొణుగుతూనే ఉంది. తిట్టినా తిట్టి ఉంటుంది.

తర్వాత దిగాను. గూళ్లు ఉడికించే నీళ్లంత వేడి. పైకి దూకబోయి, పళ్లు బిగించి కూర్చున్నాను. మెల్లగా మోకాళ్ల లోపల బిగుసుకున్నది వదిలింది. ఏదీ పట్టుకోకుండా లేచి గదికి పోయాను.

ధర్మవరం ఆమె నా నడక చూసి, నిజంగానే తగ్గిందా అని అడిగింది.

"ఇప్పటికి తగ్గిండాది. రేపు అడుగు," అన్నాను.

పొద్దునకు చలికి మోకాళ్లు మళ్లీ పట్టుకున్నాయి. కుంటుకుంటూ పోయి, ముసలామె తలుపు తీసేదాకా గుండం వాకిట్లోనే కూర్చున్నాను.