ఒంటికన్ను సరంగుకి సెలవు

రచయిత అనారోగ్యం వల్ల ఈ బొమ్మల కథకు కొంతకాలం విరామం అని నేను కథ రాసే ఫోన్ పత్రికవాళ్లు పోయిన వారం నా గురించి రెండు ముక్కలు పెట్టారు. గుండెకి స్టెంటు వేసిన డాక్టరు గారు మూడు నెలలు కలం ముట్టుకోవద్దన్నారు, అంతే సంగతి. అయితే దాని కింద పాఠకులు రాసినవి చూస్తే, జబ్బూ లేదు గిబ్బూ లేదని ఒకరు, సరుకు అయిపోయిందని ఇంకొకరు, సినిమావాళ్లు ఎగరేసుకుపోయారని మరొకరు. మొదట కోపం వచ్చింది గానీ వెంటనే సిగ్గేసింది. సరిగ్గా ఇలాంటి మాటనే నలభై అయిదేళ్ల కిందట నేనూ నమ్మలేదు.

అప్పట్లో రాజమండ్రిలో ఒక పిల్లల మాసపత్రికలో, బొమ్మల పక్కన మాటల బుడగల్లో అక్షరాలు రాసే పని నాది. కథ రాసే పెద్దాయనది రామచంద్రపురం. గోదావరి మీద లాంచీ నడుపుతూ దొంగల్ని పట్టుకునే ఒంటికన్ను సరంగు ఆయన సృష్టే. నెలకోసారి బస్సులో వచ్చి, గుమ్మంలోంచే నన్ను "ఏరా" అని కేకేసి, కథ కాగితాలు నా బల్లమీద పడేసేవారు. అలాంటి మనిషి ఒక నెల రాలేదు. ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని, కొన్నాళ్లు రాయలేరని ఆయన భార్య దగ్గర్నుంచి ఉత్తరం మాత్రం వచ్చింది. ఏం జబ్బో అందులో లేదు. ఇంకేముంది, యానాంలో కూర్చుని తాగుతున్నారని ప్రెస్సువాళ్లు తేల్చేశారు. సంపాదకులు గారికి మాత్రం మద్రాసు పత్రికేదో ఆయన్ని లాగేసుకుందని అనుమానం. "ఓసారి వెళ్లి పలకరించి రావయ్యా, అలాగే కాస్త చూసి రా" అన్నారు నాతో. రెండోదే అసలు పనని నాకు అర్థమైంది.

మండపేట మీదుగా వెళ్లే బస్సెక్కి మిట్టమధ్యాహ్నానికి వాళ్ల ఇంటికి చేరాను. ఇస్త్రీ చొక్కాతో అరుగు మీద నిండుగా కూర్చుని ఉన్నారాయన. జబ్బు ఛాయలే లేవు. పైగా నన్ను చూసి "రండి, రండి, ఎండన పడి వచ్చారు" అన్నారు. "ఏరా" పోయి "మీరు" వచ్చిందంటే మమ్మల్ని దూరం పెడుతున్నారన్నమాటే అనుకున్నాను. నేనేం అడిగినా ఆయన నోరు తెరిచేలోపు భార్యే జవాబు చెప్పేది. బల్లమీద కొత్త కాగితాలు, వాటిలో సరంగు పేరు, రాత మాత్రం ఆయనది కాదు. నేను మెడ సాచేసరికి ఆవిడ వాటిమీద మంచినీళ్ల పళ్లెం పెట్టేసింది. సరంగుని వేరేవాళ్లకి అమ్ముతున్నారు, దస్తూరీ తెలియకుండా ఎవరిచేతో రాయిస్తున్నారు అని నాకు రూఢి అయిపోయింది. తిరుగు బస్సులో దొంగని పట్టుకున్న సరంగునే నేనని సంబరపడ్డాను. సంపాదకులు గారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆ సాయంత్రమే సరంగు కథ రాసే పని నా చేతికిచ్చారు. ఆ కథ మీద నాకు ఎప్పట్నుంచో కన్నుంది కాబట్టే అంత తేలిగ్గా అనుమానపడ్డానేమో, ఆ ఆలోచన మాత్రం అప్పుడు రాలేదు.

నాలుగో నెలలో పెద్దాయన భార్య ప్రెస్సుకి వచ్చింది. చెడామడా తిడుతుందనుకుని లేచి నిలబడ్డాను.

"సరంగు కథ ఇప్పుడు మీరే రాస్తున్నారటగా బాబూ?"

"అవునండి."

"ఈసారి సుడిగుండంలో వదిలేశారు కదండీ. చంపెయ్యకండి, అది చెప్పిపోదామనే వచ్చాను. రోజూ చదివి వినిపిస్తున్నాను. సరంగు తను పుట్టించిన మనిషేనని ఆయనకి గుర్తులేదు. సరంగు ఏమయ్యాడని పొద్దున్నుంచీ ఒకటే అడగడం."

ఆ బల్లమీది కాగితాల సంగతి అడిగేశాను.

"నేను రాసినవేనండి. సరంగు ఎవరు, కథ ఎంతదాకా వచ్చింది, తెలిసినవాళ్లెవరు, అన్నీ రాసిపెట్టేదాన్ని. మీ పేరూ ఉంది. అయినా ఆ రోజు మిమ్మల్ని పోల్చుకోలేకపోయారు. మతిమరుపని ఎవరికీ చెప్పొద్దని మొదట్లోనే ఒట్టేయించుకున్నారండి."

సరంగుకి ఏమీ కాదని మాటిచ్చాను. నేను చాడీ చెప్పిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఆవిడకి తెలుసేమోనని నాకిప్పటికీ అనుమానమే. ఆ తర్వాత ఆయన ఉన్న రెండేళ్లూ ప్రతి నెలా మొదటి ప్రతి నేనే పట్టుకెళ్లాను. ఒకసారి ఆయన పుస్తకం మూసి, "రాసేవాడెవడో గానీ మంచి పనిమంతుడండి" అన్నారు.

ఇప్పుడు ఎవరినైనా అనుమానించాలంటే ఉన్నచోటే ఫోన్ మీద బొటనవేలు కదిపితే చాలు. మేము చేసిందీ తప్పే, కాదనను. అయినా బస్సెక్కి వెళ్లి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, వాళ్లింట్లో మంచినీళ్లు తాగి మరీ అనుమానపడ్డాం. అలా వెళ్లబట్టే ఆ ఇంటి గుమ్మం నాకు అలవాటైంది. ఇప్పటి నా సంపాదకుడు కుర్రవాడు, మంచివాడే, "జాగ్రత్త సార్" అని వెంటనే మెసేజి పెట్టాడు. అయినా మొన్నటి నుంచీ మధ్యాహ్నం పూట గేటు చప్పుడైతే, నా జబ్బు నిజమో కాదో చూసిపోదామని ఎవరైనా వచ్చారేమోనని లేచి చొక్కా తొడుక్కుంటున్నాను. ఇప్పటిదాకా వచ్చినవాళ్లంతా కొరియర్ వాళ్లే.