నర్సమ్మగారి ప్రార్థనకు నా తెలుగు

డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక నర్సుకు దుబాసీగా కొల్లేరు వెళ్లడానికి ఒప్పుకున్నానని మా నాన్నగారికి ఫోన్లో చెప్పాను. ఆయన అత్తిలి దగ్గర ఒక ఊరి గుళ్లో అర్చకులు.

"ఆవిడ మందూ ఇస్తుంది, మతమూ ఇస్తుంది. రెండూ నీ నోటితోనే అందిస్తావామ్మా?" అన్నారు.

నేను తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఏలూరులో కాపురం. నాతో పనిచేసే ఒకావిడ వాళ్ల చర్చి తరఫున బతిమాలింది. "ఆడవాళ్ల జబ్బులు మగవాళ్లతో చెప్పించలేమండీ, మీరైతే బాగుంటుంది" అంది. వేసవి సెలవులే కదా అని వెళ్లాను.

కొల్లేరు ఎండి నెర్రెలిచ్చి ఉంది. చేపల చెరువుల గట్ల మీదుగా వ్యాను వెళ్తుంటే మేత కుళ్లిన వాసన లోపలికి కొట్టేది. నర్సమ్మగారికి అరవై దాటి ఉంటాయి. ఎండకు ముఖం కందిపోయినా కిటికీ మూసేది కాదు. లంక గ్రామంలో చర్చి అరుగు మీద జ్వరాలూ పుళ్లూ చూశాక, ఒక చేపలు పట్టే అతను వచ్చి, మా ఇంటిదాన్ని కూడా చూడండని తీసుకెళ్లాడు.

అతని భార్య వెనక వసారాలో పడుకుని ఉంది. రొమ్ము మీద పుండు. పెద్దాసుపత్రిలో చూపిస్తే, ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్లమన్నారట. ఆ వాసనకు ఇంట్లోవాళ్లే అన్నం కంచం దూరం నుంచి జరుపుతున్నారు. నేను గుమ్మం దగ్గరే ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. నర్సమ్మగారు నేల మీద మోకాళ్లూని, పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నట్టుగా ఆ పుండు కడిగి కట్టు కట్టింది. తర్వాత ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ఇంగ్లీషులో ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ బిడ్డను నీ చేతుల్లోకి తీసుకో," అని నేను తెలుగులో చెప్పాను. నాన్నగారి గొంతులో విన్న మంత్రాలు తప్ప దేవుడితో మాట్లాడే మాటలేవీ నా నోటికి అలవాటు లేవు. మంచంలో ఉన్నామె కళ్లు మూసుకోలేదు. నర్సమ్మగారి చేతులకేసే చూస్తోంది.

తర్వాతి వారం వెళ్లేసరికి ముందు గదిలో మొదటిసారి చూసిన కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మ పటం లేదు. గోడ మీద అంతమేరా సున్నం తెల్లగా కనబడుతోంది. కట్టు విప్పుతుండగా రోగి నన్ను దగ్గరికి రమ్మంది.

"మేడమ్ గారండీ, అమ్మోరి పటం తీసేశామని ఆవిడతో చెప్పండి. ఇంక రావడం మానరు కదండీ?"

"తీయమని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. ఆవిడకి కష్టంగా ఉంటదేమోనని మా ఆయనే తీసేశాడండీ."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మొదటి మాటకు నర్సమ్మగారి ముఖం వెలిగింది. రెండో మాట విన్నాక ఆ వెలుగు పోయింది. కడిగే చెయ్యి ఆగింది.

"గోడ మీద ఏ దేవుడున్నా నేను వస్తానని చెప్పండి," అంది. చెప్పాను. రోగి తలూపింది కానీ నమ్మలేదు. ఆ పటం మళ్లీ గోడెక్కలేదు.

తిరుగు ప్రయాణంలో ఉండబట్టలేక అడిగాను. "కట్టు కట్టి వచ్చేస్తే చాలదా? ప్రార్థన ఎందుకు?"

"ఆ ప్రార్థనే లేకపోతే నేను ఇంత దూరం వచ్చేదాన్నే కాదు," అంది ఆవిడ, కోపం లేకుండా.

మా గుడి నుంచి ఆ లంకకు ఒక్క పూటలో వెళ్లి రావచ్చు. అయినా గుడి నుంచి ఎవరూ వచ్చి ఆ పుండు కడగలేదు. అలాగని ఆ తెల్లటి గోడను చూసి నా మనసు కుదుటపడనూ లేదు.

వీసా గడువు అయిపోయి ఆవిడ వెళ్లిపోయింది. వెళ్లేముందు కట్టు ఎలా మార్చాలో భర్తకు నేర్పింది. కాలేజీ తెరిచాక, వానలు పడుతుండగా ఒక ఆదివారం నేనొక్కదాన్నే ఆటోలో వెళ్లాను. అతను గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"పోయిందండీ. పది రోజులవుతోంది."

లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. నేను అడక్కుండానే చెప్పుకొచ్చాడు. "బాప్తిస్మం తీసుకోలేదు, మా సమాధుల్లో చోటు లేదన్నారండీ చర్చోళ్లు. మావోళ్లేమో అమ్మోరి పటం తీసేసినోళ్లని మేమెందుకు మొయ్యాలన్నారు. ఆఖరికి నేనూ మా బావమరిదీ మోసుకెళ్లి చెరువు గట్టు పక్కన పూడ్చామండీ. వానకి గొయ్యిలో నీళ్లూరిపోయాయండీ."

ఏడవలేదతను. నేనే ఏడ్చాను.

కొన్నాళ్లకు నర్సమ్మగారు ఫోన్ చేసి ఆమె ఎలా ఉందని అడిగింది. ఏదీ దాచకుండా చెప్పాను, గొయ్యిలో నీళ్ల సంగతితో సహా.

"వచ్చే ఏడు మళ్లీ వస్తున్నాను. మీరు రాలేనంటే అర్థం చేసుకుంటాను," అంది.

వస్తానన్నాను. ఆ సంగతి నాన్నగారికి చెప్తే, "నీ ఇష్టమమ్మా," అన్నారు. ఆ గొంతులో ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఉందా అంటే, అదీ లేదు. అయినా వెళ్తాను.